వదిన సూప్‌లో డెబ్బై ఐదు

మా నాన్న అనుమానాన్ని చంటిపిల్లలా సాకుతాడు. ఇస్త్రీకిచ్చిన చొక్కా తిరిగొస్తే గుండీలు చూసుకుంటాడు. గడియారం బాగుచేయించుకొస్తే లోపలి సామాను మార్చేసి ఉంటారని రోజుల తరబడి చెవికి ఆనించుకుని వింటాడు. నాకు అచ్చం ఆయన పోలికే వచ్చిందని అమ్మ బతికున్నప్పుడు అంటూ ఉండేది. అది మెచ్చుకోలు కాదని నాకు చాలాకాలం తెలియలేదు.

అందుకే ఆయన ఒక మధ్యాహ్నం మా ల్యాబ్ గేటు దగ్గరికొచ్చి, నన్ను బయటికి పిలిపించి, అటూ ఇటూ చూసి, "చిట్టీ, మీ వదిన నాకేదో పెడుతోందే" అన్నప్పుడు నేను నవ్వలేదు. నవ్వేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

"ఏం పెడుతోంది?"

"అదే తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తాను? నా కాళ్ళు చూడు." ప్యాంటు అంచు పైకి లాగాడు. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. మేజోడు అంచు పడిన చోట చర్మం గాడిలా లోపలికి దిగిపోయింది. "పొద్దున లేస్తే తల తిరుగుతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అమ్మ పోయి, అది వంటింట్లోకి అడుగుపెట్టాకే ఇదంతా."

"డాక్టరుకి చూపించారుగా?"

"చూపించారు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి మీ అన్నయ్యా అదీ లోపల గుసగుసలు. బయటికొచ్చి 'ఏం లేదు మామయ్యగారూ' అంది. ఏమీ లేకపోతే అంతసేపు గుసగుసలెందుకే?"

ఇంకా చెప్పాడు. వాళ్ళిద్దరికీ ఒక వంట, తనకి వేరే వంట. తనకి రోజూ కూరగాయల సూప్. అది రుచీ పచీ లేకుండా ఉంటుంది. వంటింట్లో అల్మారాకి తాళం, తాళంచెవి ఎప్పుడూ వదిన దగ్గరే. ఒకసారి తలుపు సందులోంచి చూశాడట. అల్మారా తెరిచి, తెల్లటి పొడి ఏదో చెంచాతో తీసి, మళ్ళీ తాళం వేసిందట.

"తెల్లటి పొడా?" అన్నాను.

"పిండిలా మెత్తగా లేదు. తళతళలాడుతోంది."

నిజం చెప్పాలంటే మా వదినంటే నాకు మొదటినుంచీ పడదు. పెళ్ళికి ముందు మందుల షాపులో పనిచేసింది. ఏ మాత్ర ఎంత వేస్తే ఏమవుతుందో నోటికి తెలుసు. నాలుగు ప్రశ్నలేస్తే ఒక్కదానికి జవాబు చెబుతుంది, అదీ ముక్తసరిగా. అమ్మ గిన్నెలు, అమ్మ గరిటెలు, అమ్మ నిలబడ్డ చోటు అన్నీ ఆవిడ చేతిలోకి వెళ్ళిపోతే నాకు మింగుడుపడలేదు. ఆ ఇంట్లో నేను భోంచేయడమే మానేశాను. వెళ్ళినా పది నిమిషాలు కూర్చుని, టీ వద్దని లేచొచ్చేదాన్ని.

లోపలికెళ్ళి మూత గట్టిగా పట్టే కొత్త శాంపిల్ సీసాలు రెండు తెచ్చి ఇచ్చాను. "ఒకదాంట్లో సూప్, రెండోదాంట్లో మీ కుళాయి నీళ్ళు. ఎవరూ చూడకూడదు."

నాన్న కళ్ళు మెరిశాయి. అమ్మ పోయాక ఆ ముఖంలో అంత హుషారు నేను చూడలేదు.

మా ల్యాబ్‌లో నీళ్ళు పరీక్షిస్తాం. ఊళ్ళోని బోర్లూ, ట్యాంకులూ, కుళాయిలూ, ఫ్యాక్టరీల పక్కన కాలవలూ. నీటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి చిటికెలో కోటో వంతున్నా పసిగట్టే మిషన్ ఒకటుంది. ఏ చిన్న తేడా వచ్చినా మొరాయిస్తుంది, అడిగినవన్నీ అమర్చాక గానీ నోరు విప్పదు. అందుకని దాన్ని మేమంతా అత్తగారు అంటాం. మా పై అధికారి మాత్రం అలా అంటే ఊరుకోదు. ఆవిడ పేరు మా మధ్య సున్నా మేడమ్. ఎవరు ఏ ఫలితం చూపించినా "సున్నా ఎంతొచ్చింది?" అని అడుగుతుంది. అంటే ఏమీ కలపని శుద్ధమైన నీటిని ముందు పెట్టి చూశావా అని. దాంట్లోనే ఏదైనా కనబడితే తప్పు మిషన్‌దో గిన్నెదో అన్నమాట.

అత్తగారి పని పైకి చూస్తే సింపుల్. సన్నటి గొట్టం శాంపిల్‌ని పీల్చి తుంపరగా మారుస్తుంది. ఆ తుంపర ఆర్గాన్ వాయువుతో మండే మంటలోకి వెళ్తుంది. ఆ వేడికి నీళ్ళూ, చక్కెరా, కూరగాయ ముక్కా ఏవీ నిలవవు. అన్నీ విడివిడి పరమాణువులైపోతాయి, వాటికి విద్యుత్తు అంటుకుంటుంది. తర్వాత సూది బెజ్జంలాంటి రంధ్రం ఉన్న లోహపు శంకువుల్లోంచి దూరి, గాలి లేని గదిలోకి పోతాయి. అక్కడ నాలుగు కడ్డీలు వాటిని బరువు ప్రకారం ఏరి, ఒక్కో బరువువాళ్ళనే వదులుతాయి. చివర కూర్చున్న డిటెక్టర్ వాటిని లెక్కపెడుతుంది. ఆర్సెనిక్ బరువు డెబ్బై ఐదు. తెర మీద డెబ్బై ఐదు దగ్గర గీత లేచిందంటే ఆర్సెనిక్ ఉన్నట్టే. మాకు నేర్పిందీ, నేను కొన్ని నెలలుగా చేస్తున్నదీ అదే.

శనివారం మేడమ్ సెలవు. అందరూ భోజనాలకి వెళ్ళాక నాన్న తెచ్చిన సూప్‌ని ఆమ్లంలో కరిగించి, వడగట్టి, కాస్త పలచన చేసి అత్తగారికి అందించాను. ముందు సున్నా పెట్టాను. శుభ్రం. తర్వాత కుళాయి నీళ్ళు. శుభ్రం. తర్వాత సూప్.

డెబ్బై ఐదు దగ్గర గీత నిట్టనిలువుగా లేచింది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ లేచింది. నీళ్ళలో లేదు, సూప్‌లో ఉంది. అంటే నీళ్ళు సూప్ అయ్యే లోపల ఎవరో వేశారు. ఆర్సెనిక్ అంటే పాతకాలం వాళ్ళు పాషాణం అనేవారు. మందుల షాపులో పనిచేసిన మనిషి, తాళం వేసిన అల్మారా, తళతళలాడే తెల్లటి పొడి. ఇంకేం కావాలి నాకు? భయం వేసింది. ఆ భయం కింద ఎక్కడో, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను అనుకున్నదే నిజమైందన్న తృప్తి కూడా ఉంది.

అన్నయ్యకి ఫోన్ చేశాను.

"నీకు మతి పోయిందా?" అన్నాడు.

"మతి నాది పోవచ్చు, మిషన్‌ది పోదుగా అన్నయ్యా. రెండుసార్లు పెట్టాను. నాన్నని ఇప్పుడే నా ఇంటికి తీసుకురా. ఆవిడకేం చెప్పకు."

అన్నయ్య ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తాడు. అచ్చులో ఉన్నది నిజమని నమ్మే రకం. చివరికి, "మిషన్ చెప్పిందా?" అని అడిగాడు. ఆ గొంతు నాకు ఇంకా వినబడుతూనే ఉంటుంది.

సాయంత్రానికి నాన్న చిన్న సంచీతో మా ఇంటికొచ్చాడు. ఏం చెప్పకు అన్నాను గానీ, అన్నయ్య మొహం అబద్ధం దాచే మొహం కాదు. వదిన అడిగిందట, వీడు నీళ్ళు నమిలాడట, చివరికి కక్కేశాడట. ఆవిడ ఏడవలేదట, అరవలేదట. గదిలోకెళ్ళి బట్టలు మడతపెట్టుకోవడం మొదలుపెట్టిందట.

"చూశావా? తప్పు చేయకపోతే ఎందుకు సర్దుకుంటుంది?" అన్నాడు నాన్న. నాకూ అదే అనిపించింది. ఏడిస్తే నాటకం అనేవాళ్ళం, అరిస్తే బుకాయింపు అనేవాళ్ళం. ఆవిడ ఏం చేసినా మా దగ్గర దానికో పేరు సిద్ధంగా ఉంది. పోలీసులకి చెబుదామన్నాడు నాన్న. సోమవారం మేడమ్ చేత కాగితం మీద రాయించుకుని వెళ్దాంలే అన్నాను నేను.

ఆదివారం నా చేతి వంట ఆవురావురుమని తిన్నాడు. "ఇదీ తిండంటే" అన్నాడు. అయినా సాయంత్రానికి కాళ్ళు ఇంకా ఉబ్బాయి. చెప్పులు పట్టలేదు. సోఫాలోంచి లేస్తే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. వదిన చేతి తిండి ఆగింది గదా, మరి ఇదేంటని ఒక్క క్షణం అనిపించింది. విషం ఒంట్లోంచి పోవాలంటే టైం పడుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అనుమానపు మనిషికి తన అనుమానం మీద మాత్రం అనుమానం రాదు.

సోమవారం పొద్దున ల్యాబ్‌లో రభస. అత్తగారికి గొంతు పట్టేసింది. తెలిసిన నీళ్ళు పెట్టినా సగం కూడా చూపించడం లేదు. మేడమ్ మంట ఆర్పించి, మూత విప్పి, లోపలి శంకువుని బయటికి తీసి, కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. రంధ్రం చుట్టూ తెల్లగా గూడు కట్టి ఉంది.

"ఎవరమ్మా దీనికి ఉప్పు తినిపించింది?" అంది.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మేడమ్ కళ్ళద్దాల పైనుంచి ఒక్కొక్కరినీ చూస్తోంది. మా గదిలో ఒకరి మీద ఒకరికి నమ్మకం అంతంతమాత్రమే. ఇంకో నిమిషం ఊరుకుంటే ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది.

"నేనే మేడమ్," అన్నాను. "ఇంటినుంచి ఒక సూప్ శాంపిల్ పెట్టాను. ఉప్పు కాదు మేడమ్. దాంట్లో ఆర్సెనిక్ ఉంది."

ఆవిడ తిట్టలేదు. అంతకంటే భయంకరంగా, కుర్చీ చూపించి కూర్చోమంది. శనివారం నాటి గీతలు తెరిపించుకుని చూసింది.

"హీలియం తెరిచావా?"

"లేదు మేడమ్. మనం నీళ్ళకి తెరవం గదా."

"మన నీళ్ళల్లో ఉప్పు ఉండదు కాబట్టి తెరవం. ఇది నీళ్ళా?"

"సున్నా పెట్టాను మేడమ్. శుభ్రంగా ఉంది."

"నా మాటే నాకు అప్పజెప్పకు. మన సున్నా కూడా ఉత్త నీళ్ళేగా! ఉప్పు లేని సున్నా ఉప్పు సంగతి ఏం చెబుతుందే?" అంది. తర్వాత కాస్త మెత్తబడింది. "చూడు, మంట దేనితో మండుతుంది? ఆర్గాన్. దాని బరువు నలభై. ఉప్పులో ఏముంటుంది? క్లోరిన్. బరువు ముప్ఫై ఐదు. ఆ మంటలో రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయనుకో. ఎంతయింది?"

నేను తెర మీద డెబ్బై ఐదు దగ్గర లేచిన గీత వైపు చూశాను.

"చంటిపిల్లని ఎత్తుకుని తూకం మిషన్ ఎక్కితే ముల్లు ఎక్కడ ఆగుతుంది? ఇద్దరి బరువు దగ్గర. ముల్లు మాత్రమే చూసేవాడు, ఎవరో లావుపాటి మనిషి ఎక్కాడనుకుంటాడు. దీనికి పేర్లు తెలీవమ్మా. బరువు ఒక్కటే తెలుసు. పేరు పెట్టింది నువ్వు."

పేరు పెట్టింది నేను.

శంకువు కడిగి, మళ్ళీ బిగించి, మిగిలిన శాంపిల్‌ని బాగా పలచన చేయించింది. ఈసారి కడ్డీలకి ముందున్న గదిలోకి హీలియం వదిలింది. హీలియం అంటే రద్దీగా ఉన్న నడవలో జనం లాంటిదట. ఒంటరిగా వెళ్ళేవాడు సందుల్లోంచి జారుకుంటాడు. ఒకరినొకరు వాటేసుకుని వెళ్ళే జంట అడుగడుక్కీ అందరికీ తగిలి, నీరసించి, చివరిదాకా చేరదు. నిజంగా ఆర్సెనిక్ అయితే ఒంటరిది గనక దాటుకొస్తుంది. లేకపోతే లేదు.

నేను తెర వైపు చూస్తూ నిలబడ్డాను. చచ్చినా రాకూడదనుకున్నాను. ఆ క్షణంలోనే, ఒకవేళ రాకపోతే మా అన్నయ్యకి నేనేం చెప్పాలని కూడా అనుకున్నాను.

డెబ్బై ఐదు దగ్గర గీత లేవలేదు. సున్నాలాగే చదునుగా ఉంది. మేడమ్ ఇంకో బరువు, ఇరవై మూడు దగ్గర చూపించింది. ఉప్పులోని సోడియం ఆకాశాన్నంటింది.

"ఇంత ఉప్పు ఎవరు పోశారే సూప్‌లో? సముద్రం నయం," అంది.

నడవలోకి వెళ్ళి అన్నయ్యకి ఫోన్ చేశాను. "నాన్న సూప్‌లో వదిన ఎంత ఉప్పేస్తుంది?"

"అసలెయ్యదుగా. డాక్టరు ఉప్పు పూర్తిగా మానెయ్యమన్నాడు. బీపీ ఎక్కువగా ఉంది, గుండె మీద పడుతోంది, అందుకే ఒంట్లో నీరు చేరుతోందన్నాడు. నాన్నకి చెబితే అస్సలు తిననని మొండికేస్తాడని చెప్పలేదు. మొదట్లో ఉప్పు డబ్బా మూత తీసి కలిపేసుకుంటున్నాడని మీ వదిన దాన్ని అల్మారాలో పెట్టి తాళమేసింది. ఎందుకడుగుతున్నావు?"

సాయంత్రం వచ్చి చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నాన్న సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. పక్కనే ఆయన కళ్ళద్దాల పెట్టె. అద్దాలు మాత్రం ముక్కు మీదున్నాయి. పెట్టె తెరిస్తే నిండా చిన్న చిన్న ఉప్పు పొట్లాలు. హోటళ్ళలో బల్లల మీద పెట్టే రకం. రోజూ వాకింగ్‌కి వెళ్ళొచ్చేది ఇందుకా?

లేపాను. పెట్టె ఒళ్ళో పెట్టాను.

"నాన్నా, నాకిచ్చిన సూప్‌లో ఇవి కలిపాకే సీసాలో పోశావా?"

ఆయన తడబడ్డాడు. "నా గిన్నెలోంచే పోశాను. నేను తాగేదాంట్లోంచి పోయాలిగా?"

"ఎన్ని కలుపుతావు?"

"ఉప్పు విషాన్ని విరిచేస్తుందే. అందుకే అది ఉప్పు వెయ్యట్లేదు! మొదట ఒకటే వేసేవాణ్ణి. కాళ్ళు వాస్తుంటే, మందు మోతాదు పెంచిందని నేనూ పెంచుకుంటూ పోయాను. లేకపోతే ఈపాటికి నా ఫోటోకి దండ పడేది."

ఆయన పక్కన కూలబడ్డాను. కాళ్ళు వాస్తే అనుమానం, అనుమానం వస్తే ఉప్పు, ఉప్పు పడితే కాళ్ళు ఇంకా వాపు. ఆయనకి విషం పెడుతున్నది ఎవరో కాదు. పెట్టె ఆయన ఒళ్ళోనే ఉంది. తన అనుమానానికి సాక్ష్యం కావాలని అడిగితే మిషన్ చేత అబద్ధం చెప్పించి తెచ్చిచ్చింది నేను.

అంతా చెప్పాను. ఆయన చాలాసేపు పొట్లాలని వేళ్ళతో కదుపుతూ కూర్చున్నాడు. "మరి డాక్టరు నాకే చెప్పొచ్చుగా," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ అప్పటికి ఆ న్యాయం ఎవరికీ పనికిరాదు.

డాక్టరుకి చూపించి, ఆయన రాసిన మాత్రలు కొని, సాయంత్రం నాన్నని తీసుకుని అన్నయ్య ఇంటికెళ్ళాను. గుమ్మం పక్కన వదిన బట్టల పెట్టె ఉంది. తాడు కూడా కట్టేసి ఉంది. అన్నయ్య దాని పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు, కాపలాలా. రెండు రోజులుగా అలాగే కూర్చున్నట్టుంది వాడి వాలకం. ఆవిడని ఆపడానికో, పంపడానికో వాడికే తెలిసినట్టు లేదు.

"వదినా, తప్పు నాదే. అది ఆర్సెనిక్ కాదు, ఉప్పు," అన్నాను. తూకం సంగతి, జంట సంగతి, హీలియం సంగతి గబగబా చెప్పుకుపోయాను. ఆవిడ గోడకి ఆనుకుని మొత్తం విన్నది.

"అయితే నిజమేదో తేల్చుకునే దారి మీ మిషన్‌లోనే ఉంది," అంది.

"ఉంది వదినా."

"అది చూడకముందే మీ అన్నయ్యకి ఫోన్ చేశావు."

ఆవిడ నా వైపు కాదు, అన్నయ్య వైపు చూసింది. వాడు స్టూలు మీంచి లేచి, పెట్టెకి కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా పడింది. వాడి వేళ్ళకి రావడం లేదు. ఆవిడ కాసేపు చూసి, వంగి, తనే విప్పింది. పెట్టె లోపలికి తీసుకెళ్ళలేదు. అక్కడే వదిలేసి వంటింట్లోకి వెళ్ళింది.

కూరగాయలు తరిగిన చప్పుడు వినబడింది. నాన్నా నేనూ అన్నయ్యా ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. నాన్న జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీసి బల్ల మధ్యలో పెట్టాడు. పొట్లాలన్నీ దాంట్లోనే ఉన్నాయి. అంతకంటే పెద్ద క్షమాపణ ఆయనకి చేతకాదు.

వదిన సూప్ గిన్నె తెచ్చింది. బల్ల మీది కళ్ళద్దాల పెట్టెని చూసింది. నాన్న చేయి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. చెంచాతో సూప్ తీసి, మేమందరం చూస్తుండగా తను తాగింది. మింగేదాకా ఆగింది. అప్పుడు చెంచా మార్చి, గిన్నె ఆయన ముందు పెట్టి, "తాగండి మామయ్యగారూ" అంది.

నాన్న అడుగుదాకా తాగాడు. సప్పగా ఉందని ఒక్క మాట కూడా అనలేదు.

ఆ ఇంట్లో అమ్మ పోయాక నేను మొదటిసారి, "నాకూ కాస్త పొయ్యి వదినా" అన్నాను.

ఆవిడ ఇంకో గిన్నెలో పోసి తెచ్చింది. నేను చేయి చాచాను. నా గిన్నెలోంచి కూడా ముందు ఒక చెంచా తనే తాగి, మింగి, ఆ తర్వాతే నా చేతికిచ్చింది.